వానకి బిగుసుకుపోయిన ఒపినెల్, మచ్చలు పడ్డ డీ2, తాతగారి చాకు: ఒక పాత ఫిట్టర్ జవాబు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర ఊరు, ఏడాదిగా మడత చాకుల పిచ్చి పట్టింది, చేతిలో మూడున్నాయి. ఒకటి ఒపినెల్ నంబర్ 8, కార్బన్ స్టీలుది. వానలు మొదలయ్యాక అది బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. రెండోది ఆన్‌లైన్‌లో కొన్న డీ2 స్టీలు లైనర్ లాక్, అంటే తెరిచిన బ్లేడుని పిడి లోపలి రేకు ఆపి పట్టే రకం. దానికి మచ్చలొచ్చాయి, స్టెయిన్‌లెస్ అని చెప్పి మోసం చేశారంటున్నావు. మూడోది తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన రెండు బ్లేడ్ల పాత చాకు. దాన్ని బఫింగ్ చేయించి అద్దంలా మెరిపించి, కొబ్బరి చెక్క పిడి వేయిద్దామని నీ ఆలోచన. ఇవి కాక నాలుగోది ఏది కొనాలి, జేబులో పెట్టుకుంటే పోలీసులు పట్టుకుంటారా అని టెన్షన్.

నేను నరసాపురం వైపు బోటు ఇంజన్ల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేశాను. చాకులు పోగేయడం పాతికేళ్ళ నుంచీ ఉంది. అందులో సగం కాలం నీలాగే కొనడమే పోగేయడం అనుకున్నాను. మిగతాదంతా చదవకపోయినా ఒక్కటి విను: తాతగారి చాకుని బఫింగుకి ఇవ్వకు. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఒపినెల్ సంగతి. అది పాడవలేదు. మన వీధి తలుపు శ్రావణంలో గడపకి పట్టేస్తే తలుపు పాడైందంటామా? ఇదీ అంతే. 1890లో ఫ్రాన్సులోని సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన చేసిన చాకు అది. ఆల్ప్స్ కొండల రైతుల కోసం చేసింది. పిడి బీచ్ అనే చెట్టు కర్ర. ఆ కర్ర తేమకి ఉబ్బడం, ఎండకి కుంచించుకోవడం మన టేకుతో పోలిస్తే దాదాపు రెట్టింపు. కోనసీమ గాలిలో జూలై నుంచి నవంబరు దాకా ఉండే తేమకి అది ఉబ్బి, మధ్యలో ఉన్న చీలిక బ్లేడుని రెండు పక్కలా నొక్కేస్తోంది.

ఇప్పుడు బలవంతంగా గోరుతో లాగకు. ఒక్కసారిగా ఊడి వచ్చి బొటనవేలు తెగుతుంది. ఆ సవాయ్ వాళ్ళకే ఒక చిట్కా ఉంది: పిడి మెడ దగ్గర తిరిగే తాళం రింగు తిప్పి వదులు చేసి, పిడి వెనక చివరని బల్ల అంచు మీద టక్కున కొడితే బ్లేడు ముక్కు కాస్త పైకి లేస్తుంది. అక్కణ్ణుంచి రెండు వేళ్ళతో పట్టుకుని తియ్యి. తెరిచాక ఇంట్లో పొడిగా ఉన్నచోట వారం రోజులు అలాగే ఉంచు. ఎండలో మాత్రం పెట్టకు, కర్ర నెర్రెలు విచ్చుతుంది.

అసలు మందు వేసవిలో వెయ్యాలి. ఫిబ్రవరి నుంచి మే మధ్యలో కర్ర బాగా ఆరి ఉంటుంది. అప్పుడు సర్క్లిప్ పట్టకారుతో, అంటే రింగుల్ని విడదీసే పట్టకారుతో, ఆ రింగు మెల్లగా విప్పి తీసెయ్యి. రింగు కింద పిడి మెడకి ఉన్న పట్టీ ఉంది చూడు, మన రోకలి పొన్ను లాంటిది. దాని జోలికీ, బ్లేడు తిరిగే పిన్ను జోలికీ పోకు. సన్నటి స్టీలు స్కేలుకి 120 నంబరు ఉప్పు కాగితం చుట్టి చీలిక లోపలి గోడలు రెండూ నాలుగైదు సార్లు రుద్దు. అతిగా రుద్దితే వేసవిలో బ్లేడు లొడలొడలాడుతుంది. ఆ తర్వాత పెయింటు షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే మన అవిసె నూనె. మొదటి పూతకి సగం టర్పెంటైన్ కలుపు, లోపలికి ఇంకుతుంది. రోజుకొక పూత చొప్పున నాలుగైదు పూతలు పెట్టు. ముఖ్యంగా చీలిక లోపలా, పిడి చివర అడ్డకోత మీదా. తేమ ఎక్కువగా తాగేది ఆ అడ్డకోతే. చివర్న తేనె మైనం కరిగించి పిన్ను దగ్గర ఒక చుక్క వెయ్యి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే అది ఆరేటప్పుడు తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. ఇది కట్టుకథ కాదు. మే నెలలో పెంకుటింటి అటక మీద అలాంటి గుడ్డ పెట్టావంటే ఇల్లు పోతుంది. గుడ్డని పరిచి ఆరబెట్టు, లేదా నీళ్ళలో ముంచి పడెయ్యి.

ఆ రింగు సంగతి కూడా చెప్పేస్తాను. పేరు వైరోబ్లాక్, 1955లో వచ్చింది. అంతకుముందు ఒపినెల్‌కి తాళమే లేదు. బ్లేడు తెరిచాక రింగు తిప్పడం మర్చిపోతే ఇప్పుడు కూడా వేళ్ళ మీద ముడుచుకుంటుంది. మనవాళ్ళు మడత చాకుతో కొబ్బరి చిప్పలోంచి కొబ్బరి పెకలిస్తారు, అది చూస్తే నా గుండె ఆగుతుంది. పక్కకి మెలితిప్పే పనికి ఏ మడత చాకూ పుట్టలేదు. ముక్కు విరుగుతుంది, లేకపోతే తాళం జారి వేళ్ళు తెగుతాయి. దానికి ఇంట్లో కొబ్బరి కోరు ఉంది, గట్టి కత్తి ఉంది.

ఇక డీ2. నిన్ను మోసం చేశారో లేదో గానీ, డీ2 పూర్తి స్టెయిన్‌లెస్ ఎప్పుడూ కాదు. అందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉంటుంది. ఆ కార్బన్ చాలా క్రోమియాన్ని పట్టుకుని గట్టి రవ్వల్లా మారిపోతుంది. తుప్పుని ఆపడానికి పైన పొర కట్టాల్సిన క్రోమియం ఆ మేరకు తగ్గిపోతుంది. ఆ రవ్వల వల్లే డీ2 పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఆ రవ్వల వల్లే తుప్పూ పడుతుంది. పైగా మన దగ్గర ఉప్పు గాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ళలో కిటికీ ఊచలు ఎలా తినేస్తుందో చూస్తూనే ఉన్నావు. ఉప్పు తగిలితే నిఖార్సయిన స్టెయిన్‌లెస్ మీద కూడా సూది పొడిచినట్టు గుంటలు పడతాయి. వాడిన రోజు మంచినీళ్ళతో కడిగి, తుడిచి, నూనె చుక్క రాయడం తప్ప వేరే దారి లేదు.

నూనె ఏదంటావా? బ్లేడుకి కొబ్బరి నూనె చాలు. పండు కోసుకున్నా ఫరవాలేదు, వేరుశెనగ నూనెలా జిగురు కట్టదు. తిరిగే కీలు దగ్గరికి మాత్రం కుట్టు మిషన్ నూనె వెయ్యి. డిసెంబరు చలికి కొబ్బరి నూనె పేరుకుంటే కీలు బరువుగా తిరుగుతుంది.

ఆ మచ్చలు తీయడానికి ఉప్పు కాగితం పట్టకు. పాత రాగి తీగ ముక్కని సుత్తితో చదును చేసి, నూనె చుక్క వేసి తుప్పు మీద గీకు. రాగి స్టీలు కంటే మెత్తన కాబట్టి బ్లేడు మీద గీత పడదు, ఎర్ర తుప్పు మాత్రం లేచిపోతుంది. మా వర్క్‌షాపులో ఇంజను భాగాలకి ఇదే చేసేవాళ్ళం.

ఒపినెల్ బ్లేడు మీద ఏ మచ్చైనా తుప్పే అనుకుని భయపడకు. ఎరుపు తింటుంది, నలుపు కాపాడుతుంది. మీ అమ్మ కత్తిపీట చూడు, అరటికాయ తరిగిన చోటల్లా నల్లబడి ఉంటుంది. అరటి పసరులో ఉండే వగరు ఇనుముతో కలిసి కట్టే నలుపు అది. కొత్త కార్బన్ బ్లేడుకి నేను కావాలనే ఆ పని చేస్తాను. రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్ళనక్కర్లేదు, పెరట్లో ఉన్న అరటి దూట చాలు. బ్లేడు సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టి, దూటలో గుచ్చి పావుగంట ఉంచి తీస్తే మబ్బు పట్టినట్టు నలుపు తిరుగుతుంది. పచ్చి మామిడికాయ అయితే నీలం, బూడిద రంగు కలిసి వస్తుంది. నాకు అదే ఇష్టం. ఉప్పు, కారం అద్దిన కాయ మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యకు. తర్వాత కడిగి, తుడిచి, నూనె రాయి. ఆ పొర తుప్పుని పూర్తిగా ఆపదు గానీ బాగా నెమ్మది చేస్తుంది.

ఇప్పుడు తాతగారి చాకు.

మా నాన్నగారిది ఒకటి ఉండేది. ఇత్తడి కొనలు, గేదె కొమ్ము పిడి, పెద్ద బ్లేడు ఒకటి, చిన్నది ఒకటి. ఆయన పోయిన ఏడాది దాన్ని తళతళలాడించి దాచుకుందామని ఒక పాలిషింగ్ షాపులో ఇచ్చాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, గిన్నెలకి పట్టే చక్రమే దీనికీ పట్టారు. రెండు నిమిషాల పని. అద్దంలా మెరిసింది. బ్లేడు మొదట్లో గుద్దిన ముద్ర సగం చెరిగిపోయింది, అంచుల మూలలన్నీ గుండ్రమైపోయాయి, ముక్కు దగ్గర నీలం రంగు తిరిగింది. బ్లేడుకి గట్టిదనం ఇచ్చేటప్పుడు దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్ళీ రెండొందల డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి దించుతారు. నీలం తిరిగిందంటే ఆ చోటు సుమారు మూడొందల డిగ్రీలకి పోయిందన్నమాట. ఆ ముక్కు ఇక పదును నిలుపుకోదు. ఇవాళ్టికీ ఆ చాకు కవరులో ఉంది, తీయబుద్ధి కాదు.

అందుకని నువ్వు ముందు ముద్ర చూడు. నక్షత్రం, దాని పక్కన నాలుగు రేకల శిలువ ఉంటే అది ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊరి జోసెఫ్ రోజర్స్ కంపెనీ గుర్తు. దొరల కాలంలో బాగా పేరున్న సరుకు, నకిలీలూ ఉన్నాయి. ముద్ర ఏమీ లేకపోయినా పరవాలేదు, తాతగారిదవడం కంటే పెద్ద ముద్ర ఏముంటుంది.

దాన్ని శుభ్రం చేయడం ఓపిక పని. కిరోసిన్ ఇప్పుడు దొరకడం లేదు గనక గ్లాసులో డీజిల్ పోసి, కీళ్ళు ఉన్న చివర మాత్రమే మునిగేలా రాత్రంతా నిలబెట్టు. పిడి కొమ్ముదైతే పూర్తిగా ముంచకు. పొద్దున్న బ్లేడు పావు అంగుళం తెరిచి మూయి, తెరిచి మూయి. లోపలి మురికి నల్లగా కారుతుంది. పాత టూత్ బ్రష్షు, వెదురు పుల్ల, రాగి ముక్క, ఇవే నీ పనిముట్లు. ఇత్తడిని చింతపండుతో తోమాలనిపిస్తుంది. తోమితే ఆ పులుపు పక్కనున్న స్టీలుకి, లోపలి స్ప్రింగుకి తగిలి మర్నాటికి ఎర్రగా తుప్పు పడుతుంది. ఇత్తడిని అలా వదిలెయ్యి, ఆ మట్టి రంగే అందం.

పిడి చెక్కలు గట్టిగా ఉంటే మార్చకు. విరిగిపోయి ఉంటేనే మార్చు. అప్పుడు కూడా పిడిని పట్టి ఉంచే పిన్నులు మాత్రమే తియ్యాలి. బ్లేడు పిన్ను, స్ప్రింగు పిన్ను తీశావంటే మళ్ళీ బిగించడం నీ వల్లా కాదు, నా వల్లా అంతంత మాత్రం.

కొబ్బరి చెక్క గురించి నీకున్న మోజు నాకు అర్థమవుతుంది. మన ఊరి చెట్టు మన చాకు మీద ఉండాలని. కానీ కొబ్బరి మాను చెట్టు కర్రలాంటిది కాదు, దానికి వలయాలుండవు, నారలు మెత్తటి గుజ్జులో పాతినట్టుంటాయి. మాను మధ్య భాగం బెండులా ఉంటుంది. గట్టిది బయటి అంచూ, మొదలూ మాత్రమే. బాగా ముదిరిన చెట్టు మొదట్లోంచి, బెరడుకి ఆనుకున్న రెండు మూడు అంగుళాల్లోంచి కోసిన ముక్క కావాలి. తుఫాన్లకి పడిపోయిన చెట్ల మొదళ్ళు ఏ దిబ్బలోనైనా దొరుకుతాయి, రంపపు మిల్లులో అడిగినా ఇస్తారు. నీడన ఆరు నెలలన్నా ఆరనివ్వాలి. అది కూడా సన్నగా మూడు మిల్లీమీటర్ల చెక్కగా తీస్తే నారలు ఊడొస్తాయి. పల్చటి సూపర్ గ్లూ పోసి ఇంకనిచ్చి, ఆరాక రుద్దితే నిలుస్తుంది. ముదురు గోధుమ రంగు మీద నల్ల చుక్కలు తేలినప్పుడు మాత్రం, ఏ విదేశీ కర్రా దాని ముందు నిలవదు.

నన్నడిగితే కొబ్బరి కన్నా తాటి. పాత తాటాకిళ్ళు, పెంకుటిళ్ళు పడగొట్టేటప్పుడు వచ్చే తాటి దూలాలు చూశావా? యాభై అరవై ఏళ్ళు ఆరిన కర్ర, నలుపు మీద పసుపు చారలు, ఇనుములా ఉంటుంది. రంపం పళ్ళు అరుగుతాయి, చీలికలు గోళ్ళలో దిగుతాయి, అయినా సరే. గట్టిగా నిలిచేదీ, తేమకి తట్టుకునేదీ చింత చేవ. మాంసం కొట్టే మొద్దు చింతదే ఎందుకు పెడతారో ఆలోచించు. పనిముట్ల పిడులకి మనవాళ్ళు ఎప్పటి నుంచో వాడే నల్లతుమ్మ కూడా మంచిదే. మొదటి పిడికి చింత తీసుకో, కొబ్బరి మూడోసారికి ఉంచుకో.

అతికించడానికి రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడు. పాతకాలంలో కత్తులకి లక్క కరిగించి పోసేవారు, చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండలో బైకు డిక్కీలో పెడితే మెత్తబడుతుంది. కొమ్ము కావాలంటే గేదె కొమ్ము. దుప్పి కొమ్ము ఎవరైనా ఇస్తామంటే పుచ్చుకోకు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎర్రచందనం ముక్కైనా అంతే, దారి తెలియని సరుకు ముట్టుకోకు. ఏది రుద్దినా మూతికి మాస్కు కట్టుకో, కొమ్ము పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

నాలుగో చాకు దగ్గరికి వద్దాం. నీకు సొంతంగా మార్పులు చేయాలన్న సరదా ఉంది కాబట్టి విక్టోరినాక్స్ 91 మిల్లీమీటర్లది ఒకటి కొనుక్కో. ఆ ఎర్ర చాకు మొదటి నమూనాకి 1897లో హక్కులు తీసుకున్నారు, ఇప్పటికీ దాన్ని మించిన జేబు చాకు నేను చూడలేదు. దాని ఎర్ర ప్లాస్టిక్ చెక్కలు రివెట్ల తలల మీద నొక్కి పెట్టినవే. సన్నటి బ్లేడు దూర్చి మెల్లగా ఎత్తితే ఊడొస్తాయి. లోపలి యంత్రాంగం ఏమీ కదలదు. చింత చెక్క మీద నీ చెయ్యి తిరిగేదాకా దాని మీద నేర్చుకో, చెడితే మళ్ళీ ఎర్ర చెక్కలు పెట్టేసుకోవచ్చు.

డీ2 చాకు లైనర్ లాక్ మీద మాత్రం ఆకురాయి పెట్టకు. తెరిచినప్పుడు బ్లేడు వెనక్కి వచ్చి ఆనుకునే ఆ రేకు కొసకి కొన్ని డిగ్రీల ఏటవాలు లెక్కగా ఇచ్చి ఉంటారు. "కాస్త నున్నగా చేద్దాం" అని ఒక్క గీకు గీకావంటే ఆ తాళం ఇక నీది కాదు. పిడి చెక్కలు మార్చు, స్క్రూలు మార్చు, ఇసుక చేరితే విప్పి కడుగు. స్క్రూలు వదులవుతుంటే నీలం రకం థ్రెడ్ లాకర్, అంటే స్క్రూ మరల్ని పట్టి ఉంచే జిగురు, ఒక్క చుక్క చాలు. ఎర్రది వాడితే మళ్ళీ ఊడదు.

పదును గురించి నువ్వు అడగలేదు, అదే నాకు ఆశ్చర్యం. పిడి మార్చకముందు వాదర నేర్చుకో. 400, 1000 నంబర్ల రాళ్ళు రెండు, పాత తోలు బెల్టు ఒకటి, అంతే. రాయి మీద బ్లేడు నిలువుగా పెట్టు, అందులో సగం వంచు, మళ్ళీ అందులో సగం వంచు. అదీ కోణం. ఒక పక్క రుద్దుతుంటే అవతలి పక్క వేలికి సన్నటి గరుకు తగులుతుంది, మేం బర్ అంటాం. అది మొదలు నుంచి ముక్కు దాకా వచ్చాకే పక్క మార్చు. చాలామందికి పదును రాకపోవడానికి కారణం ఒక్కటే, బర్ రాకముందే తిప్పేస్తారు. సైకిలు మీద వచ్చే సానవాడికి మడత చాకు ఇవ్వకు. ఆ చక్రానికి నీళ్ళుండవు, మా నాన్నగారి చాకు కథే అవుతుంది.

దాచడం: తోలు ఒరలో పెట్టి బీరువాలో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. తోలు తేమ పీల్చి బ్లేడుకి అంటిస్తుంది. నూనె గుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. నేను ఏటా దసరాకి అన్నీ తీసి, తుడిచి, నూనె రాసి ఆయుధ పూజలో పెడతాను. భక్తి సగం, తర్వాత వచ్చే తుఫాను నెలల భయం సగం. ఆ రోజు తుడవలేనన్ని ఉన్నాయనిపించిన ఏడాది, ఇరవై దాకా తెలిసినవాళ్ళకి పంచేశాను. ఇప్పుడు పదకొండు ఉన్నాయి. చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టే ఇచ్చానులే, మా ఆవిడ ఊరుకోదు.

పోలీసుల విషయం. 2016 ఆయుధాల నియమాల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవు, లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తుల్ని ఆయుధాల కింద చూపారు. ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసినవి అందులోంచి మినహాయించారు. నీ ఒపినెల్ బ్లేడు 8.5 సెంటీమీటర్లు, ఆ లెక్కలోకే రాదు. కానీ బటన్ నొక్కితే తెరుచుకునే రాంపురి రకం జోలికి వెళ్ళకు, దాన్ని చూస్తే ఏ కానిస్టేబులుకైనా అనుమానమే. కొలత ఎంతైనా సరే, జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, ఎన్నికల మీటింగుకో జేబులో చాకుతో పోకు. గుంపులో గొడవ జరిగితే నీ సరదా ఎవరికీ వివరించలేవు. మధురపూడిలో విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు, లగేజీలో వెయ్యి.

తాతగారి చాకు ముద్ర ఫోటో పెట్టు. ముందు నూనె గుడ్డతో తుడిచి, కిటికీ పక్కన వెలుతురు అడ్డంగా పడేలా పెట్టి తియ్యి, ఫ్లాష్ వద్దు. రెండు బ్లేడ్లకీ మొదట్లో రెండు పక్కలా తియ్యి, ముద్ర ఒక్కోసారి చిన్న బ్లేడు మీదే ఉంటుంది.